నల్ల రంగుతో వేసిన ఇల్లు: బొమ్మ చూసి పిల్లాడి మనసు చెప్పగలమా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ బాబుకి ఎనిమిదేళ్లు. నాలుగు నెలల క్రితం వాళ్ల తాతయ్య పోయారు. అప్పటి నుంచి ఏ బొమ్మ వేసినా నల్ల రంగుతోనే వేస్తున్నాడు. ఇల్లు వేస్తాడు, అందులో మనుషులు ఉండరు. స్కూల్లో టీచర్ గారు ఇది డిప్రెషన్ లక్షణం అన్నారు. వాట్సాప్‌లో వచ్చిన ఒక పోస్టులో కూడా అలాగే ఉంది. బొమ్మ చూసి మనసు చెప్పవచ్చా, అసలు కళకీ మనస్తత్వ శాస్త్రానికీ సంబంధం ఏమిటి అని అడిగారు.

ముందు మీ టెన్షన్ కాస్త తగ్గించే మాట చెబుతాను. నల్ల రంగు వాడినంత మాత్రాన పిల్లాడికి డిప్రెషన్ ఉందని చెప్పడానికి వీల్లేదు. అలాగని "అదంతా ఉత్తిదే, వదిలేయండి" అని కూడా అనను. ఇష్టమైన తాతయ్య పోయిన పిల్లాడు రోజూ కాగితం ముందు కూర్చుంటున్నాడు. అక్కడ వాడికి తోడుగా ఎవరైనా ఉండాలి. ఆ తోడు గురించే నేను ఎక్కువగా రాస్తాను.

నేను ఆరేళ్లు నల్గొండ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. తర్వాత సైకాలజీ చదివి, ఇరవై ఏళ్లకు పైగా పిల్లల కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి. మీ టీచర్ గారు ఇప్పుడు చేస్తున్నదీ అలాంటిదే.

క్లాసులో నోరు విప్పడం లేదని ఒక తొమ్మిదేళ్ల అబ్బాయిని నా దగ్గరికి తీసుకొచ్చారు. కాగితం ఇచ్చి, మీ ఇంట్లో వాళ్లను వెయ్యి అన్నాను. పొడుగాటి చెట్టు ఒకటి వేశాడు. చెట్టు పైన ఒక మనిషి. ఆ మనిషి నడుముని చెట్టుతో కలిపి చుట్టిన తాడు. ఆ తాడుని పెన్సిల్‌తో నొక్కి నొక్కి, కాగితం చిరిగేంత గట్టిగా దిద్దాడు. నా గుండె ఝల్లుమంది. ఎవరినైనా చెట్టుకు కట్టేసి కొట్టడం చూశాడా, ఉరి లాంటిదేమైనా కంటపడిందా అని ఫైల్లో రెండు పేజీలు రాసేశాను. మర్నాడు వాళ్లమ్మను పిలిపించి మెల్లగా అడగడం మొదలుపెట్టాను. ఆమె కాసేపు ఏమీ అర్థంకానట్టు చూసి, "వాళ్ల నాయిన సార్. తాళ్లెక్కుతడు" అంది.

తాళ్లంటే తాటిచెట్లు. ఆ తాడు మోకు. కల్లు గీసేవాళ్లు చెట్టు ఎక్కడానికి చుట్టుకునేది. ఎన్నో ఊళ్లలో నా కళ్లతో చూసినదే, కానీ ఆ రోజు పుస్తకాల కళ్లతో చూశాను. తర్వాత ఒకరోజు నేను ఏమీ అడగకుండా వాడి పక్కన కూర్చుని నా బొమ్మ నేను వేసుకుంటుంటే, వాడే చెప్పాడు: మోకు గట్టిగా లేకపోతే నాన్న పడిపోతాడట. అందుకే అంత గట్టిగా దిద్దాడు. బొమ్మలో భయం ఉన్న మాట నిజమే. అది ఎవరి కోసం పడే భయమో, అందులో ఎంత ప్రేమ ఉందో మాత్రం వాడు నోరు తెరిచి చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఇలాంటి పొరపాటు చాలా పెద్దవాళ్లూ చేశారు. మనోవిశ్లేషణ పద్ధతిని మొదలుపెట్టిన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1910లో ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావిన్చి మీద ఒక పుస్తకం రాశాడు. లియొనార్డో తన నోట్సులో ఒక చిన్ననాటి జ్ఞాపకం రాసుకున్నాడు: ఉయ్యాలలో ఉండగా ఒక పక్షి వచ్చి తోకతో తన నోరు తెరిచిందని. ఆయన రాసిన ఇటాలియన్ మాటకి అర్థం గద్ద. ఫ్రాయిడ్ చదివిన జర్మన్ అనువాదంలో అది రాబందు అయింది. ఈజిప్టు వాళ్ల మాతృదేవతకు రాబందు గుర్తు కాబట్టి, తండ్రి దగ్గర లేకుండా తల్లి ఒక్కతే పెంచిన పిల్లవాడి మనసు ఇందులో ఉంది అంటూ ఫ్రాయిడ్ ఒక పెద్ద మేడ కట్టాడు. ఆ మేడకి పునాది రాయి ఆ రాబందే. అసలు అక్కడ ఉన్నది గద్ద! ఫ్రాయిడ్ అంటే నాకు గౌరవం ఉంది. కళని మనసుకి తలుపుగా చూడడం మనకు బాగా అలవాటు చేసినవాళ్లలో ఆయన ముందువరుసలో ఉంటాడు. కానీ వేసిన మనిషి ఎదురుగా లేనప్పుడు, అడిగి తెలుసుకునే వీలు లేనప్పుడు, ఎంత మేధావి అయినా ఎక్కడిదాకా కొట్టుకుపోగలడో ఈ పుస్తకం చూపిస్తుంది.

ఒక ప్రయోగం సంగతి కాస్త వివరంగా చెబుతాను. మీ టీచర్ గారికి కూడా దీని గురించి చెప్పండి. మనిషి బొమ్మ వేయించి, దాన్ని బట్టి మనసు చెప్పే పరీక్ష ఒకటి 1940ల చివర్లో అమెరికాలో బాగా ప్రచారంలోకి వచ్చింది. కళ్లు పెద్దగా వేస్తే అనుమానం ఎక్కువ, తల పెద్దగా వేస్తే తెలివి గురించి బెంగ, భుజాలు వెడల్పుగా వేస్తే మగతనం గురించి బెంగ అని నిపుణులు చెప్పేవారు. 1967లో లోరెన్ చాప్‌మన్, జీన్ చాప్‌మన్ అనే భార్యాభర్తలు ఒక పని చేశారు. కొన్ని మనిషి బొమ్మలు తీసుకుని, ఒక్కో బొమ్మ కింద వేసినవాడి మానసిక సమస్యలు ఇవీ అని రాశారు. ఏ బొమ్మకి ఏ సమస్య అన్నది లాటరీ తీసినట్టు కలిపేశారు. అంటే ఆ బొమ్మలకీ ఆ సమస్యలకీ మధ్య ఏ సంబంధమూ లేదు. వాటిని సైకాలజీ అనుభవం లేని కాలేజీ విద్యార్థులకు చూపించి, ఏ సమస్య ఉన్నవాళ్లు ఎలాంటి బొమ్మ వేశారో గమనించి చెప్పమన్నారు. ఆ పిల్లలు ఏం చెప్పారో తెలుసా? అనుమానం ఉన్నవాళ్లు కళ్లు ఒకరకంగా వేశారని, తెలివి గురించి బెంగ ఉన్నవాళ్లు తల పెద్దగా వేశారని. ఏళ్ల తరబడి అనుభవం ఉన్న నిపుణులు చెప్పేవే, లేని సంబంధాన్ని చూసి చెప్పారు.

ఎందుకలా? ఆ సంబంధం బొమ్మలో లేదు, మన మాటల్లో ఉంది. మనమూ అంతే కదా. తెలివి గురించి అనాలంటే "తలకాయ ఉందా" అంటాం. అనుమానం అనగానే కళ్లు గుర్తొస్తాయి. మన నాలుక మీద ముందే ఉన్న సామెతల్ని, నుడికారాల్ని తీసుకెళ్లి పిల్లల కాగితం మీద అతికించి, అక్కడే దొరికినట్టు అనుకుంటాం.

నల్ల రంగు సంగతి కూడా ఇదే. నలుపంటే శోకం అన్నది ప్రధానంగా యూరప్ వాళ్ల ఆచారం నుంచి వచ్చిన ఊహ. మన ఇళ్లలో నలుపుకి ఉన్న అర్థాలు వేరు. పసిబిడ్డ బుగ్గ మీద దిష్టి చుక్క నలుపు, కంటికి పెట్టే కాటుక నలుపు, పెళ్లిలో మెడలో పడే నల్లపూసలు నలుపు. శుభకార్యానికి నల్లబట్టలు వద్దంటాం, నిజమే. అయినా ఒక్క రంగుకి ఒక్క అర్థం అనే లెక్క మన దగ్గర కూడా ఎప్పుడూ లేదు. పైగా ఎనిమిదేళ్ల వయసులో చాలామంది పిల్లలకు గీత స్పష్టంగా రావాలన్న పట్టుదల మొదలవుతుంది, దానికి నలుపు అనువుగా ఉంటుంది. మీ బాబు క్రేయాన్ల డబ్బా కూడా ఒకసారి తెరిచి చూడండి, మిగతా రంగులు అరిగిపోయాయేమో. ఇల్లు వేసి మనుషుల్ని వేయకపోవడం కూడా ఆ వయసులో మామూలే. ఇల్లంటే వాళ్లకు ఒక ముద్ర లాంటిది: ఇలా కప్పు, ఇలా గోడ, ఇలా తలుపు.

వాట్సాప్‌లో ఇలాంటి పోస్టులు వరసగా కొన్ని బొమ్మలు పెట్టి "రోగం ముదిరేకొద్దీ బొమ్మ ఇలా మారింది" అని చూపిస్తుంటాయి. వాటిలో ప్రసిద్ధమైనవి లూయీ వెయిన్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడి పిల్లులు. మామూలు పిల్లితో మొదలై చివరికి రంగుల ముగ్గులా విడిపోయే పిల్లులు. సైకాలజీ పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కాయి. ఆ బొమ్మల మీద తేదీలే లేవు. ఆ వరస పేర్చింది చిత్రకారుడు కాదు, వాటిని సేకరించిన డాక్టరు.

ఇంతవరకూ చదివి, అయితే కళకీ మనసుకీ సంబంధమే లేదంటున్నారా అని మీరు అడుగుతారేమో. ఉంది. చాలా లోతైన సంబంధం ఉంది. నా జీవితంలో సగం దాని చుట్టూనే గడిచింది. కాకపోతే అది పూర్తయిన బొమ్మలో కన్నా, బొమ్మ వేస్తున్న సమయంలో ఎక్కువ ఉంటుంది.

1998లో న్యూజిలాండ్‌లో జూలియన్ గ్రాస్, హార్లీన్ హేన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలతో, వాళ్లకు సంతోషం, బాధ, భయం కలిగిన సంఘటనల గురించి మాట్లాడారు. కొందరిని ఊరికే చెప్పమన్నారు, కొందరిని బొమ్మ వేస్తూ చెప్పమన్నారు. బొమ్మ వేస్తూ చెప్పిన పిల్లలు రెట్టింపుకు పైగా విషయాలు చెప్పారు. ఇక్కడ గమనించాల్సింది, పరిశోధకులు లెక్కపెట్టింది పిల్లల మాటల్ని. చేతికి పని ఉంటే నోటికి భయం తగ్గుతుంది. మనం ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ అడిగితే బిగుసుకుపోయే పిల్లాడు, కళ్లు కాగితం మీద ఉన్నప్పుడు చెబుతాడు. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆడవాళ్లు చెప్పుకునే కష్టాలు, ఊరికే కూర్చోబెట్టి అడిగితే బయటికి రావు కదా.

పిల్లల బొమ్మలు అనగానే నాకు ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ గుర్తొస్తుంది. వియన్నాలో పుట్టిన చిత్రకారిణి, జర్మనీలోని బౌహౌస్ అనే పేరున్న కళల స్కూల్లో చదువుకుంది. యూదురాలు కావడంతో నాజీలు 1942 డిసెంబరులో ఆమెను చెక్ దేశంలోని తెరెజీన్ నిర్బంధ పట్టణానికి పంపారు. వెంట తీసుకెళ్లిన సామానులో ఆమె బొమ్మల సరంజామా పెట్టుకుంది. అక్కడ తల్లిదండ్రుల నుంచి విడదీసి ఉంచిన వందలమంది పిల్లలకు చాటుగా బొమ్మలు నేర్పింది. దొరికిన ఆఫీసు కాగితాల వెనక వైపు వేయించేది. ప్రతి బొమ్మ మీదా పిల్లలు తమ పేరు రాయాలి. ఖైదు నంబరు వేసిన చోట పేరు రాయించడం ఎంత పెద్ద పనో ఆలోచించండి. ఆకలి, రోగం, చావు మధ్య ఆ పిల్లలు ఎక్కువగా వేసింది పూలు, సీతాకోకచిలుకలు, ఒకప్పటి తమ ఇల్లు. వాట్సాప్ పోస్టు లెక్కన చూస్తే వాళ్లంతా సుఖంగా ఉన్నట్టే! 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరానికి పంపి చంపేశారు. ఆ పిల్లల్లోనూ ఎక్కువమంది బతకలేదు. వెళ్లేముందు ఆమె రెండు సూట్‌కేసుల్లో దాచిన దాదాపు 4,500 బొమ్మలు మిగిలాయి. ఇప్పుడవి ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి.

ఆమె శిష్యురాలు ఎడిత్ క్రామర్ 1938లో న్యూయార్క్ చేరి, కష్టాల్లో ఉన్న పిల్లలతో బొమ్మలు వేయిస్తూ ఆర్ట్ థెరపీకి, అంటే కళతో మనసుకి చేసే వైద్యానికి, ఒక దారి వేసింది. బొమ్మకి అర్థం విప్పడం కన్నా, బొమ్మ పూర్తి చేయడంలో పిల్లాడు పడే తపన, దాన్ని దాటిన తృప్తే మందు అని ఆమె నమ్మింది. అదే కాలంలో మార్గరెట్ నామ్‌బర్గ్ ఇంకో దారి చూపింది. ఆమెకి బొమ్మ అంటే లోపలి మనసు మాట్లాడే భాష, దాని గురించి వేసినవాళ్లతో మాట్లాడాలి. నన్నడిగితే పిల్లల విషయంలో క్రామర్ వైపే మొగ్గుతాను.

బ్రెజిల్‌లో నీజె ద సిల్వేరా అనే డాక్టరమ్మ కథ కూడా ఒక్క ముక్క చెప్పాలి. రియో నగరంలోని మానసిక ఆసుపత్రిలో రోగులకు కరెంటు షాకులిచ్చే పద్ధతి తాను పాటించనని ఎదురుతిరిగింది. 1946లో అక్కడే బొమ్మల గది తెరిచింది. ఏళ్ల తరబడి మాట్లాడనివాళ్లు అక్కడ రంగులు పట్టుకున్నారు. ఆ బొమ్మలతో 1952లో ఒక మ్యూజియమే పెట్టింది. ఆ గదిలో పనిచేసింది రంగులు మాత్రమే కాదని ఆమె చెప్పేది. పక్కన కుదురుగా, ప్రేమగా కూర్చునే మనిషి ఉండాలి, ఆ ప్రేమే లోపల కదలిక తెస్తుంది అనేది. నా అనుభవమూ అదే.

మన పెద్దలు ఈ విషయాన్ని ఇంకో వైపు నుంచి ఆలోచించారు. కరుణ రసానికి మూలం శోకం అన్నాడు నాట్యశాస్త్రం రాసిన భరతుడు. మరి శోకం చూడడానికి డబ్బిచ్చి ఎందుకు వెళ్తాం? మన ఊళ్లలో హరిశ్చంద్ర నాటకం కాటి సీను చూసి తెల్లవార్లూ ఏడ్చిన జనం, మళ్లీ ఏడాది అదే నాటకానికి చాప పట్టుకుని ముందే వచ్చి కూర్చునేవారు. వెయ్యేళ్ల క్రితం కాశ్మీరంలో అభినవగుప్తుడు దీనికి సాధారణీకరణం అనే మాటతో జవాబిచ్చాడు. రంగస్థలం మీది దుఃఖం నాదీ కాదు, నీదీ కాదు, అందరిదీ. అందుకే దాన్ని తట్టుకోగలం. మీ బాబు దుఃఖం కాగితం మీదికి వచ్చినప్పుడు కూడా ఇలాంటిదే కొంత జరుగుతుంది. గుండెలో ఉన్నంతసేపు అది వాడిని పట్టుకుని ఉంటుంది. కాగితం మీద ఉంటే వాడే దాన్ని పట్టుకోగలడు, పక్కన పెట్టగలడు, కావాలంటే చింపేయగలడు.

ఇక మీరు చేయగలిగినవి.

వాడు బొమ్మ వేసేటప్పుడు పక్కన కూర్చుని మీరూ ఏదో ఒకటి వేయండి. బొమ్మలు రాకపోతే ముగ్గు వేయండి. "ఎందుకు నల్లగా వేశావు?", "మనుషులేరీ?", "తాతయ్య ఎక్కడ?" ఇవి అడగకండి. ఎందుకు అన్న మాట పిల్లలకు నేరం అడిగినట్టు వినిపిస్తుంది. "ఈ బొమ్మ గురించి చెప్తావా?" అంటే చాలు. చెప్పకపోతే ఊరుకోండి. చెబితే మధ్యలో అందుకోకండి. ఇంటికొచ్చిన చుట్టాల ముందు ఆ బొమ్మలు పెట్టడం, స్టేటస్‌లో పెట్టడం వద్దు. వెనక తేదీ వేసి, వాడు చెప్పిన మాట ఏదైనా ఉంటే వాడి మాటల్లోనే రాసి దాచండి.

తాతయ్య బొమ్మే వేయమని బలవంతం చేయకండి. జెనిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ అనే పరిశోధకులు ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగంలో, బాధ కలిగించిన విషయాన్నే బొమ్మ వేసిన పిల్లల కన్నా, దాన్ని మరిచిపోయి ఇంకేదో వేసిన పిల్లల మనసు అప్పటికప్పుడు ఎక్కువ తేలికపడింది. కాబట్టి వాడు బస్సులు, క్రికెట్ ఆట వేసినా అది తప్పించుకోవడం కాదు. మీరు కూడా వేసి చూడండి, మీరు పోగొట్టుకున్నది తండ్రినో మామగారినో కదా. 2016లో అమెరికాలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్లతో 45 నిమిషాలు మట్టి, రంగులు, కాగితాలతో ఇష్టమొచ్చింది చేయించి చూస్తే, నాలుగింట మూడొంతుల మందికి ఒత్తిడి హార్మోను తగ్గింది. చిన్న అధ్యయనం, పోల్చి చూడడానికి ఇంకో గుంపు కూడా లేదు, అందుకని దాన్ని పెద్ద రుజువుగా చెప్పను. కానీ నేను రోజూ చూసేదానికి అది దగ్గరగానే ఉంది.

ఇంకొకటి. తాతయ్య పోవడం గురించి వాడికి ఇంట్లో ఏమని చెప్పారు? "ఊరెళ్లారు", "నిద్రపోయారు" అని చెప్పి ఉంటే దయచేసి సరిదిద్దండి. ఎనిమిదేళ్లవాడికి చావంటే తిరిగిరాకపోవడం అని అర్థమవుతుంది. పెద్దవాళ్లు దాచినకొద్దీ, దీని గురించి మాట్లాడకూడదు కాబోలు అనుకుని వాడూ దాస్తాడు. తాతయ్య కబుర్లు మీరే ఎత్తండి. వాడి ముందు మీకు ఏడుపొస్తే ఏడవండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో బొమ్మల్ని బట్టి నిర్ణయించకండి. నిద్ర, తిండి, ఆట, స్నేహితులు, చదువు, వీటిని చూడండి. వారాల తరబడి రాత్రుళ్లు నిద్ర లేకపోవడం, ఆటలకు అసలు వెళ్లకపోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, కారణం దొరకని కడుపునొప్పితో స్కూలు మానడం, "నా వల్లే తాతయ్య చనిపోయాడు" అనడం ఉంటే పిల్లల మానసిక వైద్యుణ్ణి గానీ, క్లినికల్ సైకాలజిస్టుని గానీ కలవండి. "నేను కూడా తాతయ్య దగ్గరికి వెళ్లిపోతా" అంటే తిట్టకుండా, భయపడి మాట మార్చకుండా, వెళ్లడం అంటే ఏమిటో వాడినే మెల్లగా అడిగి, ఆ రోజే సాయం తీసుకోండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

టీచర్ గారి మీద కోపం పెట్టుకోకండి. నలభైమంది పిల్లల్లో మీ వాడి బొమ్మని ఆగి చూశారు, అది చిన్న విషయం కాదు. డిప్రెషన్ అనే పేరు మాత్రం వాడి ముందు అనవద్దని చెప్పండి.

వచ్చేవారం మీరు మళ్లీ రాస్తానన్నారు కదా. బొమ్మ ఫోటో పంపకండి, అది చూస్తే నాకు మళ్లీ ఏదో ఒకటి తోచేస్తుంది. ఆ ఇంటి గురించి వాడు ఏం చెప్పాడో రాయండి.